మబ్బులో దారి

రేణిగుంట రన్‌వే నుంచి తిరుమల కొండదాకా చిన్న విమానానికి ఆరేడు నిమిషాల దూరం. ఆకాశం తెరిపిగా ఉంటే ఇంతకన్నా అందమైన దారి లేదు. మబ్బు కమ్మితే? కళ్లు మూసుకుని కూడా దారి తప్పకుండా నడిపే చదువు ఒకటుంది. ఆ చదువులో సగంలో ఉన్న మేనల్లుడితో మూడు రోజులు తిరిగితే, పుట్టి పెరిగిన ఊళ్లే కొత్తగా కనిపించాయి.

దిగబోతున్న విమానం దిగలేదు.

డిసెంబరు మొదటి వారం. నాలుగు రోజులుగా ముసురు. రేణిగుంట విమానాశ్రయం ప్రహరీకి బయట, రోడ్డు పక్క టీ బంకు దగ్గర నేనూ మా అక్కా నిలబడి ఉన్నాం. అక్క కొడుకు అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చి, అక్కడి నుంచి ఈ విమానంలో వస్తున్నాడు. బూడిదరంగు మబ్బులోంచి ముందు దీపాలు కనిపించాయి. తర్వాత చక్రాలు. ఇక నేలను తాకుతుందనుకునేలోపు పెద్ద రొద చేస్తూ మళ్లీ పైకి లేచి మబ్బులో కలిసిపోయింది.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘‘ఏమైందిరా దానికి? దిగేది మానేసి పోతా ఉండాదే!’’ అంది. ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. బంకు యజమాని మాత్రం టీ వడపోస్తూ, ‘‘ఏం గాదులేమ్మా, చుట్టు కొట్టుకొని వస్తాది’’ అన్నాడు. వానాకాలంలో ఇలాంటివి ఎన్ని చూశాడో!

పావుగంట తర్వాత విమానం నిజంగానే చుట్టు తిరిగి వచ్చి మెత్తగా దిగింది. బయటికొచ్చిన మేనల్లుడు తల్లి కళ్లు చూసి నవ్వాడు. ‘‘భయపడినావా అమ్మా? ఆ పైలట్ మంచోడు. రన్‌వే సరిగ్గా కనపడలా, పైకి పోయినాడు. అంతే.’’

అక్క నవ్వలేదు. దానికి కారణముంది.

వాడికి ముప్పై నాలుగేళ్లు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ వారాంతాల్లో విమానం నడపడం నేర్చుకుని, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఉద్యోగం కోసం కాదు, సొంత సరదా కోసం. ఇప్పుడు ‘ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్’ అనే రెండో మెట్టు ఎక్కుతున్నాడు. ఈ విమానం పిచ్చి మానేస్తే చాలని అక్క ఏడాది కిందట పసుపు బట్టలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఆ ముడుపు వెంకన్నకు చెల్లించడానికే ఈ ప్రయాణం. ఆ సంగతి వాడికి తెలియదు.

రెండు రకాల ఆకాశం

రేణిగుంట విమానాశ్రయం తిరుపతికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడ ‘గరుడ’ టెర్మినల్‌ను ప్రారంభించారు. అమరావతికి శంకుస్థాపన జరిగింది కూడా ఆ రోజే. సముద్రమట్టానికి ఈ నేల ఎత్తు సుమారు 350 అడుగులు. పడమటివైపు చూస్తే గోడ కట్టినట్టు శేషాచలం. తిరుమల ఎత్తు దాదాపు 2,800 అడుగులు. శ్రీవారి పాదాలున్న నారాయణగిరి ఇంకా ఎత్తు, సుమారు 3,600 అడుగులు.

‘‘యాత్రికుడికి అది ఏడుకొండలు. పైలట్‌కి అది ముందు ఒక అంకె’’ అన్నాడు మేనల్లుడు కారులో. మ్యాపు చూసి ఆ అంకెను గుర్తుపెట్టుకోకుండా ఎవరూ ఇటువైపు విమానం ఎక్కరట.

కొండమీద గుడి ఉంది కాబట్టి ఇక్కడి ఆకాశానికి ఇంకో లెక్క కూడా ఉంది. ఆనందనిలయం మీదుగా ఏదీ ఎగరకూడదన్నది ఆగమశాస్త్రం మాట. తిరుమలను విమానాలు ఎగరరాని ప్రాంతంగా ప్రకటించాలని టీటీడీ కేంద్రాన్ని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. 2025లో కూడా విమానయాన మంత్రికి లేఖ రాసింది. గుడి మీదుగా విమానం వెళ్లిందంటూ అప్పుడప్పుడూ వార్తలూ వస్తుంటాయి.

పైలట్లకు ఆకాశం రెండు రకాలు. ఒకటి కంటికి కనిపించే ఆకాశం. కింద చెరువు, రైలుపట్టాలు, కొండ గుర్తులు చూసుకుంటూ పోవచ్చు. ప్రైవేట్ లైసెన్స్ ఉన్నవాడికి అంతవరకే అనుమతి. రెండోది మబ్బు, మంచు, వాన కమ్మిన ఆకాశం. అక్కడ ముందున్న అద్దంలో కనిపించేది తెల్లటి శూన్యం. ముక్కు కింద ఉన్న పరికరాలను చదువుతూ, కంట్రోలర్ చెప్పినట్టు వెళ్లాలి. ఆ ఆకాశంలోకి అడుగుపెట్టే అర్హతే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్.

అందుకు సొంత బాధ్యతతో ఊరి నుంచి ఊరికి కనీసం 50 గంటలు నడిపి ఉండాలి. పరికరాల మీదే ఆధారపడి 40 గంటల సాధన చేయాలి. అమెరికాలో ఈ లెక్కే. మన డీజీసీఏ నిబంధనల్లోనూ ఇవే అంకెలు. మన దగ్గర ఎక్కువమంది కమర్షియల్ లైసెన్స్‌తోపాటే దీన్నీ పూర్తి చేస్తారు. పక్కనే కడప విమానాశ్రయంలో పైలట్ శిక్షణ సంస్థలకు విమానాశ్రయాల సంస్థ స్థలం ఇవ్వడంతో మన రాయలసీమ పిల్లలకూ ఆ మాటలు దగ్గరయ్యాయి.

చెంబులో నీళ్లు, చేతిలో బొంగరం

ఆ రాత్రి చిత్తూరులో అక్క ఇంట్లో రాగిసంకటి, ఊరిబిండి. తింటూ ఉండగా అక్క ఉన్నట్టుండి అడిగింది. ‘‘మబ్బులో ఏమీ కనపడకపోతే విమానం వాలిందో లేదో తెలిసేదానికి పరికరాలెందుకురా? ముందర ఒక గ్లాసు నీళ్లు పెట్టుకుంటే సరిపాయె గదా?’’

వాడు సంకటి ముద్ద పక్కన పెట్టి లేచాడు. పెరట్లోకి వెళ్లి చెంబులో నీళ్లు పోసి, చెయ్యి చాపి గుండ్రంగా తిప్పాడు. చెంబు తలకిందులైనా చుక్క కిందపడలేదు.

‘‘చూసినావా? విమానం ఒక పక్కకి వాలి తిరుగుతున్నప్పుడు కూడా ఇంతే. నీళ్లు గ్లాసులో కదలకుండా ఉంటాయి. నీ చెవిలో నీళ్లు కూడా అట్లే మోసం చేస్తాయి.’’

మన లోపలి చెవిలో సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరిగితే ఆ ద్రవం కదిలి మెదడుకు చెబుతుంది. కానీ విమానం చాలా నెమ్మదిగా, అదే వేగంతో తిరుగుతూ ఉంటే కాసేపటికి ద్రవం కూడా దాంతోపాటు సర్దుకుపోతుంది. అప్పుడు ‘తిన్నగా పోతున్నాను’ అనిపిస్తుంది. నిజానికి విమానం ఒక పక్కకు వాలి కిందికి జారుతుంటుంది. దాన్ని సరిచేస్తే ‘అటు పక్కకు పడిపోతున్నాను’ అని ఒళ్లంతా గోల పెడుతుంది. గంగమ్మ జాతరలో రంగులరాట్నం దిగిన పిల్లాడు ఒక పక్కకు తూలినట్టే. తేడా ఏమిటంటే, పిల్లాడు నేలమీద పడతాడు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పరికరాలతో నడపడం రాని ఇరవైమందికి బయటి దృశ్యం కనిపించకుండా చేసి విమానం అప్పగించారు. ఇరవైమందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ! 1999 జులై 16 రాత్రి కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడుపుతున్న చిన్న విమానం పొగమంచు పట్టిన సముద్రంలో కూలింది. ఆయన, భార్య, వదిన ముగ్గురూ పోయారు. దిశాభ్రమే కారణమని దర్యాప్తులో తేలింది. అప్పటికి ఆయన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ శిక్షణలో సగంలో ఉన్నారు.

ఈ సంగతి వాడు నాకు మాత్రమే చెప్పాడు, అక్క వంటింట్లోకి వెళ్లినప్పుడు.

మరి ఒళ్లు అబద్ధం చెబుతుంటే నిజం చెప్పేదెవరు? బొంగరం. గిర్రున తిరిగే బొంగరం పక్కకు ఒరగకుండా నిలబడుతుంది కదా! అలాంటి చిన్న చక్రాన్ని పెట్టెలో బిగించి, దానికి ఒక గీత తగిలిస్తే అదే కృత్రిమ దిగంతం. పైన నీలం, కింద గోధుమరంగు. విమానం ఎటు వాలినా ఆ గీత మాత్రం అసలు భూమి అంచును చూపిస్తూనే ఉంటుంది. ఇప్పటి కొత్త విమానాల్లో బొంగరం బదులు ఎలక్ట్రానిక్ పరికరం, తెర వచ్చాయి. చెప్పే నిజం మాత్రం అదే. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన సీటు చుట్టూ తెర కప్పేసుకుని, పరికరాలు చూస్తూనే ఎగిరి, తిరిగి, దిగాడు. మబ్బులో విమానం నడపొచ్చని లోకానికి నమ్మకం కుదిరింది ఆ రోజే.

గాదంకిలో గాలి బొమ్మ

మర్నాడు చిత్తూరు నుంచి తిరుపతికి బయలుదేరాం. పూతలపట్టు దాటాక మామిడితోటలు, బండరాళ్ల గుట్టలు. గాదంకి టోల్‌ప్లాజా ఈ దారిన పోయే అందరికీ తెలుసు. ఆ పక్కనే లోయలో ఉన్నదేమిటో తెలిసినవాళ్లు తక్కువ.

అక్కడ ఉన్నది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. 1990ల మొదట్లో ఇక్కడ ఎంఎస్‌టీ రాడార్ పెట్టారు. సాధారణ రాడార్‌లా తిరిగే పళ్లెం ఉండదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1,024 యాంటెన్నాలు, వరసకు 32 చొప్పున, నారుమడిలో నాటినట్టు నిలబడి ఉంటాయి. ఒకప్పటి ఇళ్లమీది టీవీ యాంటెన్నాలకు దగ్గరి చుట్టాలే. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను నిటారుగా ఆకాశంలోకి పంపి, గాలి సుడుల నుంచి తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిని వింటాయి. ఏ ఎత్తున గాలి ఎటు వీస్తోందో, ఎక్కడ ఎంత కుదుపు ఉందో దాన్నిబట్టి లెక్కకడతారు. చుట్టూ కొండలు అడ్డుండటంతో ఊళ్ల రేడియో రొద పెద్దగా చేరని చోటు కాబట్టే గాదంకిని ఎంచుకున్నారు. ఇది పరిశోధన సంస్థ. ముందుగా అనుమతి తీసుకున్నవాళ్లకే లోపలికి ప్రవేశం.

మేనల్లుడు ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ వాళ్లతో ఒకసారి లోపలికి వెళ్లాడట. ‘‘అప్పుడు నాకు ఏమీ అర్థం కాలా మామా. ఇంత ఇనుము పెట్టి గాలిని చూసేదేందిరా అనుకుంటి. ఇప్పుడు మబ్బు పక్కన విమానం ఒక్క కుదుపు కుదిపితే గాదంకి గుర్తొస్తాది’’ అన్నాడు.

కారు రోడ్డు పక్కన ఆపి ఆకాశం చూపించాడు. పరుపులా పరుచుకున్న ముసురు మబ్బు వేరట. దాంట్లోంచి పరికరాలతో పోవచ్చు. కాలీఫ్లవర్‌లా పైకి పొంగి, నల్లబడి ఉరిమే క్యూములోనింబస్ వేరట. దాంట్లోకి రేటింగ్ ఉన్నవాడైనా, పెద్ద విమానమైనా పోకూడదు. పక్కకు తప్పుకోవాల్సిందే.

అక్క అప్పటిదాకా మాట్లాడలేదు. ‘‘ఆ పొద్దు కూడా మబ్బులే గదరా’’ అంది.

ఏ పొద్దో మా ఇద్దరికీ చెప్పక్కరలేదు. 2009 సెప్టెంబరు 2. రచ్చబండ కార్యక్రమం కోసం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో బయలుదేరింది మా చిత్తూరు జిల్లాకే. అనుపల్లెలో జనం ఎదురుచూస్తూ ఉండిపోయారు. మర్నాడు నల్లమలలో పావురాలగుట్ట పేరు రాష్ట్రమంతా వినపడింది. ఇద్దరు పైలట్లతో సహా ఐదుగురూ పోయారు. ఆ రోజంతా అక్క టీవీ ముందు నుంచి లేవలేదు. ఆమెకు మబ్బంటే అప్పటి నుంచే భయం.

‘‘వాళ్లకు అనుభవం లేకనా?’’ అంది అక్క.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి, ‘‘అనుభవం ఉండాది. దానికి దర్యాప్తు చేసినోళ్లు కారణాలు రాసినారు, నేను చెప్పేంత వాణ్ణి కాదు. నాకు తెలిసింది ఒకటే. కొండలూ మబ్బులూ ఒకచోట చేరితే ఎంతటోడైనా వెనక్కి తిరిగేదానికి సిద్ధంగా ఉండాల’’ అన్నాడు.

ఘాట్‌రోడ్డు మీద ఒప్పుకోలు

మూడోరోజు తెల్లవారుజామున అలిపిరి దాటాం. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్‌రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. సగం కొండ ఎక్కేసరికి మంచు దిగింది. డ్రైవర్ లైట్లు తగ్గించాడు. పైకి వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించడం లేదు. అద్దంలోంచి ముందుకు వంగి, రోడ్డు అంచున ఉన్న తెల్లగీతను పట్టుకుని నడుపుతున్నాడు. ముందు సీట్లో అక్క కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాం.

‘‘మామా, నీకొకటి చెప్పాల’’ అన్నాడు వాడు మెల్లగా.

రెండేళ్ల కిందట టెక్సాస్ నుంచి అర్కన్సా కొండలవైపు ఒక్కడే వెళ్లాడట. బయలుదేరినప్పుడు ఎండ. గంట గడిచేసరికి మబ్బు కిందికి దిగింది. కిందుగా దూరి పోదామనుకున్నాడు. కొండ అడ్డొస్తే కొంచెం పైకి లేచాడు. అంతే, చుట్టూ తెలుపు.

‘‘తిన్నగా పోతాండానని ప్రమాణం చేసి చెప్పుంటా మామా. పరికరం చూస్తే కుడికి వాలి ఉండాది. అల్టీమీటర్ ముల్లు కిందికి తిరుగుతాండాది. పరికరమే చెడిపోయిందనుకున్నా. అట్ల ఎంతసేపు అనుకున్నానో తెలీదు. మొదటి లైసెన్స్‌కి మూడు గంటలు పరికరాల మీద నడిపిస్తారు. అప్పుడు మా గురువు ఒకటే మాట చెప్పేవాడు, నీ ఒంటిని నమ్మొద్దు, ముందు రెక్కలు సమం చెయ్ అని. చేసినా. ఒళ్లంతా ఎడమకి పడిపోతాండట్టు ఉండాది. పళ్లు కరుచుకొని గీతనే చూసినా. పైకెక్కినా. రేడియోలో కంట్రోలర్‌కి నిజం చెప్పేసినా, మబ్బులో ఉండా, నాకు అర్హత లేదు అని. ఆయమ్మ తిట్టలా. ఏ దిక్కుకి తిప్పాలో చెప్పింది. బయటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.’’

ఇంటికి చేరాక నెలరోజులు విమానం తాళం ముట్టలేదట. మానేయాలా, పూర్తిగా నేర్చుకోవాలా అని ఆలోచించి రెండోదానికే సిద్ధపడ్డాడు. అప్పటి నుంచి కళ్లకు పైభాగం మూసేసే అద్దాలు పెట్టుకుని, బయట ఏమీ కనపడకుండా, గంటలకు గంటలు సాధన. రేడియో సంకేతం పట్టుకుని రన్‌వే దారిలోకి రావడం, చోటు ఖాళీ అయ్యేదాకా ఆకాశంలోనే గుండ్రంగా కాచుకుని ఉండటం, నిర్ణయించిన ఎత్తుకు దిగేసరికి రన్‌వే కనపడకపోతే మళ్లీ పైకి లేవడం.

‘‘మొన్న రేణిగుంటలో చేసినాడే, అదా?’’ అన్నాను.

‘‘అదే మామా. దిగేది ఎవరైనా నేర్చుకుంటారు. నేల ఇంకొంచెం కిందనే ఉండాదని తెలిసి కూడా దిగకుండా పైకి పోతారు చూడు, దాన్ని నేర్చుకునేదే కష్టం. రేటింగ్ వచ్చినా ఊరికే ఉండకూడదు. ఆరు నెలల్లో ఆరుసార్లన్నా ఇట్ల పరికరాల మీద దిగే సాధన చేసుండాల. లేకపోతే ఆ అర్హత వాడుకునేదానికి లేదు.’’

ఎత్తు చూపించే ముల్లు కూడా మనం చూసుకుంటేనే నిజం చెబుతుందట. అది కొలిచేది గాలి బరువును. వాయుగుండం పట్టి గాలిపీడనం పది మిల్లీబార్లు తగ్గిందనుకోండి. కొత్త అంకె అడిగి సరిచేయకపోతే ముల్లు ఉన్నదానికన్నా దాదాపు 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. కొండల మధ్య అది చిన్న పొరపాటు కాదు.

ఇంతలో మంచులోంచి తిరుమల దీపాలు కనిపించాయి. అక్క కళ్లు తెరిచి, ‘‘వచ్చేసినామా?’’ అంది.

మారిన మొక్కు

కల్యాణకట్టలో వాడు తలనీలాలు ఇచ్చాడు. దర్శనం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. హుండీ దగ్గర అక్క కొంగుముడి విప్పి, పసుపు బట్ట మూట తీసి, కళ్లకద్దుకుని, ఏదో గొణుక్కుని లోపల వేసింది. మెట్లు దిగుతుంటే నన్ను వెనక్కి ఆపింది.

‘‘కారులో నేను నిద్రపోలేదురా’’ అంది.

నాకు నోట మాట రాలేదు.

‘‘వాడు మానేయాలని కట్టిన ముడుపది. హుండీ కాడ నిలబడినాక మార్చి చెప్పుకున్నా. వాడు ఎట్లా మానడు. సగం నేర్చినోడు గాల్లో తిరిగేది ఇంకా ప్రమాదం. అదేదో పూర్తిగా రానీ స్వామీ అని మొక్కుకున్నా.’’

‘‘మొక్కు మార్చొచ్చా అక్కా?’’

‘‘దారి కనపడకపోతే మళ్లించుకోవచ్చని వాడే చెప్పె గదా!’’

అదే వారం వాడు రేణిగుంటలోనే విమానమెక్కాడు. ముసురు పోయి శేషాచలం కడిగినట్టు కనిపిస్తోంది. టీ బంకు దగ్గర మేమిద్దరం మళ్లీ నిలబడ్డాం. ఈసారి అక్క నా చెయ్యి పట్టుకోలేదు. విమానం తూర్పుకు లేచి, ఎండలో మెరిసి, చిన్నదై కనుమరుగయ్యేదాకా చూసింది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఫోన్ చేశాడు. ముందురోజే పరీక్ష. పరీక్ష చేసే అధికారి వచ్చి కూర్చున్నారట, విమానం సిద్ధంగా ఉందట. దూరంగా ఉరుముల మబ్బు పెరుగుతోందని చూసి, ఈ రోజు ఎగరనని తనే చెప్పి వాయిదా వేసుకున్నాడు. మళ్లీ తేదీ దొరకడానికి ఎన్ని వారాలు పడుతుందో తెలియదు. గొంతులో కొంచెం దిగులుంది.

అక్క ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. రేణిగుంట నుంచి వచ్చిన రోజు తర్వాత ఆమె ముఖంలో అంత నిశ్చింత నేను చూడలేదు.

‘‘ఇప్పుడు పాసైనాడురా వాడు’’ అంది.